తాళంతో పాటు పోయిన పాటలు

మా అత్తమ్మకు చదవడం, రాయడం రాదు. పాటలు మాత్రం కట్టేది. బోగోలు చుట్టుపక్కల చర్చిల్లో జరిగే స్త్రీల కూడికల్లో ఆమె పాడుతుంటే మిగతావాళ్ళు పల్లవి అందుకునేవాళ్ళు. చరణాలు ఆమెకొక్కదానికే వచ్చు. మా ఇంటి ముందు గదే నా డీటీపీ సెంటరు. ఆదివారం ఆరాధన అయి, భోజనాలు ముగిశాక ఆమె నా పక్కన స్టూలు మీద కూర్చుని పాడేది, నేను టైపు కొట్టేదాన్ని. మిగతా వారమంతా మాకిద్దరికీ పడేది కాదు. ఆమెది పెద్ద నోరు, నాదీ చిన్నదేం కాదు. ఆ గంటసేపు మాత్రం ఒకరి మాట ఒకరం వినేవాళ్ళం.

అలా నలభై పాటల దాకా పోగయ్యాయి. అచ్చు వేద్దామంటే “ఇంకో పది కట్టనీ మే” అనేది. అన్నీ నా పాత కంప్యూటరులోనే ఉండేవి. దాంట్లో తెలుగు రావాలంటే వెనకాల వేలెడంత ముక్క ఒకటి గుచ్చి ఉండాలి. దాన్ని మేం తాళం అంటాం. అది ఉంటేనే తెలుగు సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుంది. ఇంటి తాళాల కన్నా దాన్నే భద్రంగా చూసుకున్నాను.

ఉప్పుగాలికి ఆ కంప్యూటరు లోపలంతా తుప్పు పట్టింది. రోజుకు రెండుసార్లు ఆగిపోయేది. టీచరుగా పనిచేసే మా చెల్లెలు ఒకరోజు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చింది. దాంట్లో ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించే పని లేదు, పనంతా నెట్‌లోనే.

“ఇంకా ఆ డబ్బాని ఎందుకు పెట్టుకోనుండావక్కా? ఇది ఇరిగినా కాలినా నీ ఫైళ్ళు నెట్‌లో భద్రంగా ఉంటాయి” అంది.

నిజమే. పరీక్షల దరఖాస్తులు, బస్సు టికెట్లు, ఉత్తరాలు చిటికెలో అయిపోయేవి. గాలివానకు నెట్ పోయిన రోజున మాత్రం నేనూ అదీ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. అయినా మురిసిపోయాను. పాత ఫైళ్ళన్నీ దాంట్లోకి చేర్చాను. పేర్లన్నీ వరసగా కనిపిస్తే చాలనుకున్నాను. ఒక్కటి తెరిచి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. పాత కంప్యూటరును పాత సామాన్ల బండి మీద ఎక్కించి పంపేశాను. తాళం దాని వెనకాలే గుచ్చుకుని పోయింది.

నెల తిరక్కముందే అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ, మాటా పడిపోయాయి. చూడ్డానికొచ్చిన పాస్టరమ్మగారు “ఆమె వినగలిగి ఉన్నప్పుడే ఆ పాటలు పుస్తకం వెయ్యమ్మా” అన్నారు. ఆ సాయంత్రం మొదటిసారి ఒక ఫైలు తెరిచాను. తెలుగు అక్షరం ఒక్కటి లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొక్కేలు, చుక్కలు. పదో ఫైలూ అంతే, ఇరవయ్యోదీ అంతే. పాడిన మనిషి ఇక పాడలేదు, పాటలేమో ఇలా ఉన్నాయి.

చెల్లెలు నెట్‌లో ఏదో మార్పిడి సైటు వెతికింది. దాంట్లో పెడితే ఒత్తులన్నీ రాలిపోయి వచ్చాయి. కావలిలో తెలిసిన సెంటరులో వేరే కంపెనీ సాఫ్ట్‌వేరు ఉంది, దానికీ ఇవి అర్థం కాలేదు. పాత సామాన్ల బండివాడు నా కంప్యూటరును అప్పటికే ముక్కలు చేసి అమ్మేశాడు, అలాంటి తాళం ఇప్పుడెవరూ అమ్మడం లేదు. “నా మాట వినే గదక్కా నువ్వు దాన్ని పంపించేసినావు” అని చెల్లెలు ఏడ్చింది. దాన్నేం అంటాను? తొందరపడింది నేను.

ఆ ఆదివారం మధ్యాహ్నం అలవాటు కొద్దీ ల్యాప్‌టాప్ పట్టుకుని అత్తమ్మ మంచం పక్కన కూర్చున్నాను. ఆ చెత్తనే చూస్తుంటే నా వేళ్ళు వాటంతటవే కదిలాయి. అవి అప్పట్లో నేను నొక్కిన మీటలే. సాఫ్ట్‌వేరు వాటికి తెలుగు తొడిగేది, అంతే. ఏ మీటకు ఏ అక్షరమో చెప్పమంటే చెప్పలేను, వేళ్ళకు తెలుసు. ఒక్కో మీటను తాకుతూ పైకి చదివాను. అత్తమ్మ కళ్ళు నా వైపు తిరిగాయి.

ఆ రోజు మూడు పాటలు అయ్యాయి. వాటిని నెట్‌లోనే కొత్తగా తెలుగులో కొట్టాను. మూసి, మళ్ళీ తెరిచి, చెల్లెలి ఫోనులోనూ చదివి చూసి, కాగితం మీద కూడా తీసి పెట్టాను. మాలాంటివాళ్ళం నెట్ కంప్యూటరును నమ్మొచ్చా అని ఎవరైనా అడిగితే నమ్మొచ్చనే చెబుతాను. పాతది కూడా తాళం ఉన్నన్నాళ్ళూ నన్ను మోసం చెయ్యలేదు. దేన్నైనా సరే, నమ్మేముందు తెరిచి చదవండి అంటాను. నాకు అబ్బిన కంప్యూటరు చదువు అంతే.

నాలుగో ఆదివారం ఒక పాట చదువుతుంటే, రెండో చరణం దగ్గర అత్తమ్మ ఎడమచెయ్యి లేపింది. మళ్ళీ చదివాను. మళ్ళీ లేపింది. ఫైలులో తప్పేమీ కనిపించలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ పాట కొట్టించిన నాడు ఆ చోట ఆమె “మా కోడలి వేళ్ళకు అలుపు రానీయకు ప్రభువా” అని పాడింది. ఇంటిపని చేతకాని చేతులని ఆ ఉదయమే నన్ను తిట్టి ఉంది. పాటలో కూడా దెప్పుతోందనుకుని, కోపంతో ఆ ఒక్క లైను కొట్టకుండా వదిలేశాను.

“చెప్పింది చెప్పినట్టు కొట్టినావా మే?” అని పాట అయ్యాక ఆ రోజే అడిగింది.

“కొట్టినాను అత్తమ్మా” అన్నాను. చదువు రాని మనిషి, నా మాట నమ్మింది.

సిగ్గుతో ఏడుపొచ్చింది. ఆ లైను పైకి పాడి, ఆమె చూస్తుండగానే కొట్టాను. అత్తమ్మ చెయ్యి దించింది.