సాక్ అంటే ఉద్యోగం పోవడం కాదు

నేపర్‌విల్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్నా, షికాగో వెళ్ళి ఒక్క ఫుట్‌బాల్ ఆట కూడా చూడలేదని చెబితే మా వీధిలో ఎవరూ నమ్మరు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం చిన్నప్పుడు కాలితో తన్నిన ఆట కాదు. కొబ్బరికాయలా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకలో పెట్టుకుని పరిగెత్తుతూ, ఒకళ్ళనొకళ్ళు పడేసుకునే ఆట. టీవీలో వస్తుంటే ఛానల్ మార్చేదాన్ని. ఈసారి వెళ్ళడానికి కారణం శ్రీలత. పక్కనే అరోరాలో ఉంటుంది, హనుమకొండ అమ్మాయి, ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయాక బేస్‌మెంట్‌లో గదిని అద్దెకిచ్చింది, ఆదివారాలను ఫుట్‌బాల్‌కి ఇచ్చేసింది. నవంబర్‌లో ఒక ఆటకి తనకీ, భర్తకీ, నాకూ కలిపి మూడు టికెట్లు కొన్నది. శనివారం రాత్రి ఫోన్ చేసి, "మా ఆయనకు ఆన్‌కాల్ డ్యూటీ పడ్డదక్కా. ఆ టికెట్ మీద మా కింద రూమ్ పిల్లను తీస్కస్తున్న. పాపం, ఎప్పుడు చూసినా లాప్‌టాప్ ముంగటనే ఉంటది" అంది.

కింద గదిలో ఉండే ఆ పిల్ల పేరు హారిక. నరసరావుపేట అమ్మాయి, ఇక్కడే ఎమ్మెస్ చదివి, నా టీమ్‌లో కాంట్రాక్టు మీద చేరింది. ఇంటర్వ్యూ చేసి, వచ్చినవాళ్ళందరిలో ఈమే కావాలని పట్టుబట్టింది నేనే. ఆరు నెలలు తిరగకుండానే ఆమె రాసిన కోడ్ రెండుసార్లు దెబ్బకొట్టింది. శుక్రవారం మా మేనేజర్ బ్రయన్ నన్ను పిలిచి, "తప్పులు అందరూ చేస్తారు. కానీ ప్రతి మీటింగ్‌లోనూ తనకి డౌట్స్ ఉన్నాయంటుంది. మనం చేసే పని మీదే నమ్మకం లేనివాళ్ళతో ఎలా? కొనసాగించాలో వద్దో సోమవారం నువ్వే చెప్పు" అన్నాడు. కొనసాగిస్తే మార్చిలో హెచ్-వన్ వీసా లాటరీకి కంపెనీ ఆమె పేరు పంపుతుంది. లేకపోతే ఆమె చేతిలో ఉండేవి కొద్ది వారాలే, ఆ తర్వాత సూట్‌కేస్ సర్దుకోవాలి. ఈ సంగతి శ్రీలతకి తెలియదు. హారికకి తెలుసో లేదో నాకు తెలియదు. వద్దని చెప్పడానికి కారణం వెతుక్కుంటుండగానే శ్రీలత ఫోన్ పెట్టేసింది.

ఆట మధ్యాహ్నం పన్నెండింటికి. పొద్దున్న ఎనిమిదిన్నర దాటాక నేపర్‌విల్ స్టేషన్‌లో ఎక్కే రైలు గంట పైచిలుకులో షికాగో చేరుస్తుంది. రానూపోనూ విడివిడిగా కొనకండి. వారాంతపు పాసు ఒకటి తీసుకుంటే ఏడు డాలర్లతో రోజంతా తిరగవచ్చు. ప్లాట్‌ఫారం మీద సగం మంది నారింజ రంగు జెర్సీల్లో ఉన్నారు. శ్రీలత కూడా వాళ్ళలో కలిసిపోయింది, నుదుటి మీద బొట్టు మాత్రం అలాగే ఉంది. హారిక నన్ను చూడగానే నిటారుగా నిలబడి, "గుడ్ మార్నింగ్ మేడమ్" అంది.

"ఇయ్యాల ఐతారమే పిల్లా. అక్కా అను. మేడమ్ గీడమ్ రేపు పొద్దుగాల చూస్కుందాం" అంది శ్రీలత. నేను నవ్వాను గానీ, రేపు అన్న మాట దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది.

రైలు కదిలాక శ్రీలత మాకు పాఠం మొదలుపెట్టింది. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని, అది ఎవరికి వెయ్యాలో కన్నుమూసి తెరిచేలోగా తేల్చేవాడు. మా ఊరి జట్టుకి ఇప్పుడున్నవాడు రెండో ఏడాది కుర్రాడు. డ్రాఫ్ట్‌లో మొట్టమొదటగా వీణ్ణే తీసుకున్నారు. వచ్చినప్పుడు ఊరంతా పండగ చేసుకుంది, ఇప్పుడు ఊరంతా తిడుతోంది.

"డ్రాఫ్ట్ అంటే డీడీ లాంటిదా అక్కా?" అంది హారిక.

"నీ డీడీ సల్లగుండ! ఎంసెట్ కౌన్సెలింగ్ ఎర్కేనా? దాన్ని తిరగేస్తె డ్రాఫ్ట్. ఆడ పిలగాడు కాలేజీని ఎంచుకుంటడు, ఈడ కాలేజీ పిలగాన్ని ఎంచుకుంటది. పోయినేడు అందరికన్న ఎక్కువ ఓడిపోయినోళ్ళకు ఫస్ట్ ఛాన్స్."

హారిక కాసేపు లెక్క వేసుకుంది. "అంటే ఫస్ట్ ర్యాంకోడికి లాస్ట్ కాలేజీనా? వాడేం పాపం చేశాడక్కా?"

బోగీ అంతా తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది శ్రీలత. నాకూ నవ్వొచ్చింది. నేను పనిచేస్తున్న దేశంలో ఇన్నేళ్ళూ ఇంత తేలికగా అర్థమయ్యే సంగతిని పట్టించుకోలేదేమా అనుకున్నాను.

యూనియన్ స్టేషన్ నుంచి స్టేడియానికి ఆట రోజుల్లో బస్సు ఉంటుంది. ఎండ ఉంటే మాత్రం నడవండి. ముప్పావుగంట నడక, చివరికి సరస్సు ఒడ్డు. గాలి మొహం మీద కోస్తుంది కాబట్టి చెవులు కప్పే టోపీ తప్పదు. హ్యాండ్‌బ్యాగులు లోపలికి రానివ్వరు. పారదర్శకమైన ప్లాస్టిక్ సంచీ ఒక్కటే రానిస్తారు. అందులో నా మాత్రలూ, దువ్వెనా, చిల్లరా అందరికీ కనపడుతూ నడవడం మొదట సిగ్గనిపించింది, తర్వాత అలవాటైపోయింది.

స్టేడియానికి దక్షిణాన ఉన్న పార్కింగ్ లాటే ఈ ప్రయాణంలో అసలు చూడవలసిన చోటు. ఆటకి నాలుగైదు గంటల ముందే కార్లు వచ్చేస్తాయి. డిక్కీలు తెరిచి, పొయ్యిలు వెలిగించి, కుర్చీలు వేసుకుని పెళ్ళివారి విడిదిలా తిని తాగుతుంటారు. శ్రీలతతో పాటు ల్యాబ్‌లో పనిచేసే లిండా, ఆమె తమ్ముడు డాన్ అక్కడ మా కోసం చూస్తున్నారు. డాన్ నల్లటి గ్రిల్ మీద సాసేజ్‌లు తిప్పుతున్నాడు. శ్రీలత జిప్‌లాక్ సంచీలోంచి సకినాలు తీసింది. డాన్ ఒకటి కొరికి, "పోయినేడాది సీజన్ అంతా వీటి కోసమే భరించాను" అన్నాడు.

ఆ తర్వాత అక్కా తమ్ముళ్ళ గొడవ మొదలైంది. అది ఆ రోజు మొదలైనది కాదని, చాలా ఆదివారాల కింద ఆగిన చోటి నుంచి అందుకున్నారని వింటుంటే తెలిసిపోయింది.

"వచ్చే డ్రాఫ్ట్‌లో ఇంకొకణ్ణి తీసుకోవాలి, అంతే. వీడు బంతి పట్టుకుని ఆలోచిస్తూ నిలబడతాడు. ఇది లైబ్రరీ కాదు" అన్నాడు డాన్.

"ఇంతకు ముందువాడి గురించీ ఇదే అన్నావు. వాడికి ముందువాడి గురించీ ఇదే అన్నావు. నీ వంట మీద నేను పెట్టుకున్నంత ఓపిక కూడా వాళ్ళ మీద నీకు లేదు."

"ఓపిక పట్టీ పట్టీ నా గడ్డం నెరిసింది, లిండా. వాడు కూర్చున్న కుర్చీ ఖాళీ అయితే అందులో మంచివాడెవడో కూర్చుంటాడు. బయట ఎంతమంది లేరు?"

"రెండేళ్ళలో ఇద్దరు కోచ్‌లు మారారు. వాడి ముందు నిలబడి కాపాడాల్సిన ఐదుగురిలో సగం మంది కుంటుతున్నారు. పోయిన వారం ఒక్క ఆటలోనే ఐదుసార్లు సాక్ అయ్యాడు పాపం, ఎవడు మాత్రం ఏం చేస్తాడు?"

హారిక చేతిలోని సకినం నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. నా వైపు వంగి, తెలుగులో, చాలా మెల్లగా అడిగింది. "ఐదుసార్లు ఉద్యోగం పీకేశారా అక్కా? మరి మళ్ళీ ఎట్లా తీసుకున్నారు?"

శ్రీలత పొట్ట పట్టుకుంది. "ఓ పిల్లా! సాక్ అంటే నౌకరి పోవుడు కాదే! బంతి చేతుల ఉండంగనే గుద్ది కింద పడేసుడు. లేస్తడు, దులుపుకుంటడు, మళ్ల ఆడ్తడు." నవ్వుతూనే సంగతి ఇంగ్లీషులో చెప్పింది. డాన్ పట్టకారుతో గ్రిల్ మీద కొట్టి మరీ నవ్వాడు. లిండా మాత్రం సగంలో ఆపి, "ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేముంది? నువ్వు కోరుకునేది అదే కదా, డాన్" అంది. హారిక కూడా నవ్వింది, చెవుల దాకా ఎర్రబడుతూ. వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని తట్టదు. నాకూ ఒకప్పుడు తట్టేది కాదు. డాన్, లిండాల్లో ఎవరి మాట సరైనదని నన్నడిగితే ఆ క్షణాన చెప్పలేకపోయేదాన్ని. డాన్ మాటలోనూ న్యాయం ఉంది. హారిక కుర్చీ కోసం నా మెయిల్‌బాక్స్‌లో ఎంతమంది రెజ్యూమెలు లేవు?

మా సీట్లు బాగా పైన. మళ్ళీ అమ్మకానికి పెట్టిన టికెట్లు, మనిషికి నూటపాతిక డాలర్లు పడ్డాయి. పైనుంచి మనుషుల మొహాలు కనిపించవు గానీ, ఎవరు ఎక్కడ నిలబడ్డారో బొమ్మ గీసినట్టు కనిపిస్తుంది. మొదటి సగంలో ఆ కుర్రాడు మూడుసార్లు నేల మీద పడ్డాడు. పడిన ప్రతిసారీ చుట్టూ వేలమంది "బూ" అని ఒక్క గొంతుతో అరిచారు. మా వెనక ఉన్న పెద్దాయన, "వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టండి" అని కోచ్‌కి వినిపించేటట్టు అరిచాడు. హారిక అరవలేదు, ఫోటోలు తీసుకోలేదు. మోకాళ్ళ మీద మోచేతులు ఆన్చి చూస్తూ ఉండిపోయింది.

"వాడికి ఎవరికి వెయ్యాలో తెలుసక్కా. తల అటే తిప్పుతున్నాడు. వేసేంత టైమ్ ఉండట్లేదు" అంది.

రెండో సగంలో కోచ్ ఏదో మార్చాడు. కుర్రాడి పక్కన ఇంకో భారీ మనిషిని నిలబెట్టాడు. దూరం విసరడం మానేసి, దగ్గరదగ్గరగా వెయ్యమన్నాడు. పది గజాలు, ఆరు గజాలు, మళ్ళీ ఎనిమిది. "చూశారా, ఒక్కణ్ణి తోడు నిలబెట్టారంతే!" అని హారిక నా మోచెయ్యి పట్టుకుని, మరుక్షణమే పట్టుకున్నది ఎవరి మోచెయ్యో గుర్తొచ్చి వదిలేసింది. కథలో అయితే అక్కడ గెలవాలి. గెలవలేదు. చివర్లో అతను విసిరిన బంతి అవతలి జట్టువాడి చేతుల్లోకి వెళ్ళింది. అది ముమ్మాటికీ అతని తప్పే. ఆట తెలియని నాకు కూడా పైనుంచి కనిపించింది.

తిరుగు రైలు కిక్కిరిసి ఉంది. అన్ని సీట్లలోనూ అదే చర్చ, డ్రాఫ్ట్, కోచ్, ఆ చివరి బంతి. శ్రీలత కళ్ళు మూసుకుంది. చీకటి పడుతున్న కిటికీలోకి చూస్తున్న హారిక నా వైపు తిరిగింది.

"అక్కా, నాకొక డౌట్. సాక్ అయినప్పుడు ఎవరి పేరు మీద రాసుకుంటారు? ముందున్నవాళ్ళ పేరు మీదా, వాడి పేరు మీదా?"

"వాని పేరు మీదనే" అంది శ్రీలత, కళ్ళు తెరవకుండానే.

నేను ఆ జవాబు వినడం లేదు. ఆ ముందు మాట దగ్గరే ఆగిపోయాను. నాకొక డౌట్. బడిలో చెయ్యెత్తి మనందరం అన్న మాట. సార్, డౌట్. పొద్దున్న ఆమె సాక్ అన్న మాటకి మన అర్థం వేసుకుంది. ఆరు నెలలుగా బ్రయన్ డౌట్ అన్న మాటకి వాళ్ళ అర్థం వేసుకుంటున్నాడు. రెండు భాషల మధ్య కూర్చున్న నేను, ఆ మాట ఆయన నోట విన్నప్పుడు ఆయన చెవులతోనే విన్నాను.

"హారికా, మీటింగుల్లో డౌట్ అనకు. క్వశ్చన్ అను" అన్నాను.

"రెండూ ఒకటే కదక్కా?"

"మనకి ఒకటే. వాళ్ళకి డౌట్ అంటే నమ్మకం లేదని."

ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంది. "అమ్మో. నేను బ్రయన్‌తో రోజూ అంటాను. ఐ హావ్ డౌట్స్ ఆన్ యువర్ డిజైన్ అన్నాను. వాళ్ళ బాస్ ముందు కూడా అన్నాను." ఇద్దరం ఒకేసారి నవ్వాం, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా. నవ్వు తగ్గాక ఆమె చేతి తొడుగులు సరిచేసుకుంటూ అడిగింది. "క్యాలెండర్‌లో రేపు మీకు బ్రయన్‌తో మీటింగ్ ఉంది. నా గురించేనా అక్కా?"

"అవును" అన్నాను. ఆమె తలూపి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

సోమవారం బ్రయన్‌కి ఆ మాట అర్థం చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వాడు, ఆ తర్వాత, "మరి ఆ రెండు తప్పులో?" అన్నాడు. అవి తప్పులే అన్నాను. పక్కన ఒక సీనియర్‌ని కూర్చోబెడదాం, పని చిన్నచిన్న ముక్కలుగా ఇద్దాం, మార్చిలో పేరు పంపుదాం అన్నాను. "ఆ అమ్మాయి మీద నీకు నమ్మకం ఉందా?" అని అడిగాడు. "ఐ హావ్ డౌట్స్" అన్నాను. "ఏ అర్థంలో?" అన్నాడు. "రెండు అర్థాల్లోనూ" అన్నాను. ఒప్పుకున్నాడు.

నేను చేసింది సరైనదో కాదో ఇప్పటికీ చెప్పలేను. లాటరీలో పేరు వస్తుందో రాదో తెలియదు. మూడో తప్పు జరిగితే ఆ రోజు నేనేమంటానో అదీ తెలియదు. ఆ కుర్రాడు తర్వాతి వారం కూడా రెండుసార్లు పడ్డాడని, డాన్, లిండా మళ్ళీ పోట్లాడుకున్నారని శ్రీలత చెప్పింది. ఒక మనిషికి ఎంత సమయం ఇస్తే చాలో చెప్పే కొలత ఆ పార్కింగ్ లాట్‌లో ఎవరి దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. కానీ 'వీడు పనికొస్తాడా' అని అడిగే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుందని, అది ఇంతకాలం నేను అడగలేదని ఆ పైసీటు నుంచి చూస్తే తెలిసింది.

మీరూ వెళ్ళేటట్టయితే ఒక్క సలహా. పైన చివరి వరసల్లో సీటు తీసుకోండి, చవక కూడా. మొదటి సగమంతా బంతిని చూడకండి, బంతి పట్టుకున్నవాణ్ణీ చూడకండి. వాడి ముందు నిలబడ్డ ఐదుగురిని చూడండి.