డ్యూ స్లిప్‌లో లేని పాఠకురాలు

కరోనా తగ్గి లైబ్రరీలు మళ్లీ తెరిచిన ఏడాది. అప్పుడు నేను విశాఖలో, ఫిషింగ్ హార్బర్‌కు దగ్గరలోని ఒక చిన్న లైబ్రరీలో పనిచేసేదాన్ని. మా పనిలో ‘వీడింగ్’ అని ఒకటుంది. ఎవరూ చదవని పుస్తకాలను ఏరి తీసెయ్యడం. ఎవరైనా పుస్తకం ఇంటికి తీసుకెళ్లినప్పుడల్లా దానికి అతికించిన ‘డ్యూ స్లిప్’ మీద తేదీ ముద్ర వేస్తాం. ఐదేళ్లుగా ఆ ముద్ర పడకపోతే అది మూటలోకే. ఈ పనిలో నాది చురుకైన చెయ్యి. దాని గురించి కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ రోజు మూటలు కట్టి, పాత కాగితాల బండి కోసం చూస్తున్నాను. దుర్గ పరుగున వచ్చింది. పదేళ్ల పిల్ల. రోజూ బడి వదలగానే వచ్చి నేల మీద కూర్చుని చదువుకునేది.

“మేడం, పెద్దమ్మ పుస్తకం ఏది? ఆ మూల బీరువాలో అగుపడ్డం లేదు.”

అదొక పాత నవల. తల్లి లేని పిల్లను పెద్దమ్మ పెంచే కథ అని అట్ట మీదే ఉంది. స్లిప్ తెల్లగా ఉందని పొద్దున నేనే మూటలో పడేశాను.

“దాన్నెవరూ తీసుకెళ్లట్లేదు కదే!” అన్నాను.

“నాను రోజూ సదువుతన్నాను కదా! కార్డుంటేనే ఇంటికిత్తామన్నారు. కార్డుకి పెద్దోల్ల సంతకం అడిగేరు. మా అమ్మ లేదు. నాన్న బోటు మీద ఏటకెల్తే పది రోజులకి గానీ రాడు. ఏటి సెయ్యమంటారు?”

ఎదురుగా కూర్చున్న పిల్లను వదిలేసి స్లిప్పులు చూసుకున్నాను. కళ్లుండీ గుడ్డిదాన్నంటే నేనే.

ఇంతలో వీధి మొదట్లో బండివాడి కేక వినిపించింది. ఇద్దరం మూటల మీద పడ్డాం. మూడో మూట అడుగున దొరికింది. దుర్గ గబగబా ఒక పేజీ తీసి చూపించింది. పిల్లకు జ్వరమొస్తే పెద్దమ్మ పక్కనే కూర్చుని, ఊది ఊది గంజి తాగించే చోటు.

“మొన్న నాకు జొరమొచ్చినప్పుడు ఇదే తలుసుకుంటా తొంగున్నాను. మీరు దీన్ని సదివేరా మేడం?”

“లేదమ్మా.”

“మరెలా పారేసేరు?”

నిజం చెప్పొద్దూ, ముందు కోపమొచ్చింది. వెంటనే సిగ్గేసింది. ప్రతి పుస్తకానికీ నంబరు ఇచ్చి రాసుకునే ‘యాక్సెషన్ రిజిస్టర్’లో ఆ నవలను అప్పటికే ఎర్ర సిరాతో కొట్టేశాను. పక్కన ‘పొరపాటున తీసేశాను’ అని రాసి సంతకం పెట్టాను. వాళ్ల నాన్న ఒడ్డుకొచ్చిన రోజు పొద్దున్నే హార్బర్‌కి వెళ్లి, చేపల వేలం మధ్యలోనే దుర్గ కార్డు ఫారం మీద సంతకం పెట్టించుకున్నాను.

“ఈపాటి దానికి మీరొచ్చేరేటమ్మా!” అని ఆయన మొహమాటపడిపోయాడు.

దుర్గ ఆ నవలను ఇంటికి తీసుకెళ్లి, మళ్లీ తెచ్చాక నేనూ చదివాను. గంజి దగ్గర కన్నీళ్లు ఆగలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు పని నేర్పినవాళ్లు చాలామందే ఉన్నారు. అందరికన్నా ఆ పిల్లకే ఎక్కువ రుణపడి ఉన్నాను. ఇప్పుడు వీడింగ్‌కి ముందు తీసెయ్యబోయే పుస్తకాలన్నీ బల్ల మీద పరిచి, నేల మీద చదువుకునే పిల్లల్ని పిలుస్తాను.

“చూసుకోండర్రా, వీటిలో మీవాళ్లెవరైనా ఉన్నారా?” అని అడుగుతాను.