గంజి పెట్టిన రెక్కలు

మా తంగళ్ళపల్లిల దివాకర్ ఇల్లేదంటే ఎవ్వలు చెప్పరు. ఇమానం దివాకర్ ఇల్లేదంటే మేకలు కాసే ముసలోడు సుత కట్టె లేపి చూపెడ్తడు. ఆ పేరెట్ల వచ్చిందో గోడ పక్క ఇల్లు గనుక నాకు తెల్సినంత ఇంకొకలకు తెల్వదు. తెల్వనియి అడిగి తెల్సుకున్న. అడిగితే కోపం చేసినోళ్లను ఇంకోసారి అడిగిన.

దివాకర్ నాయిన ఐలయ్య కల్లు గీసేటోడు. నాకు మరిది వరుస. పొద్దుగాల మంచుల పోయి, నడుముకు మోకు తాడు ఏసుకొని చెట్టెక్కితే ఎండ ముదిరినంకనే దిగేటోడు. "పైకెల్లి చూస్తే సిరిసిల్ల ఇండ్లు, మానేరు ఇసుక, ఎవల బర్రె ఎవల చేన్ల పడ్డదో అన్ని కనవడుతయి వదినె" అనేటోడు. ఊరంత కనవడే జాగ ఆయనకు దొరికింది గాని నాకు దొరకలేదని నాకు జరంత కుళ్లు ఉండె.

దివాకర్ ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు ఐలయ్య మోకు తెగి పడ్డడు. పాణం దక్కింది, కాళ్లు దక్కలే. పదిహేను దినాలు కాంగనే కులపోళ్లు వచ్చి, కొడుకుకు మోకు కడుదాం, తండ్రి చెట్లు కొడుకుకే గదా అన్నరు. వాని తల్లి భూమవ్వ బీడీల చాట పక్కకు పెట్టి లేచింది. "నా కొడుకు చెట్టెక్కడు. ఈ ఇంట్ల పడ్డోడు ఒకడు చాలు" అన్నది. గంతే. పోరడు సిరిసిల్ల తొవ్వ పట్టిండు.

సిరిసిల్లల సాంచాలు అంటరు, కరెంటు మగ్గాలు. అండ్ల కండెలు చుట్టే పనికి పోయి, రెండేండ్లల్ల ఆగిన సాంచాను నడిపిచ్చే మిస్త్రి అయిండు. చెవు పెట్టి ఇని, ఏ నట్టు ఊగుతున్నదో చెప్పేటోడు. తర్వాత సాంచాల పనికే మహారాష్ట్రల భీవండి పోయిండు. అక్కడ నాలుగేండ్లు చేసి వచ్చి గొల్లపల్లి పిల్ల కల్పనను చేసుకున్నడు. నవనీత పుట్టింది. ఇగ చూడు, సాంచాల షెడ్లు ఒక్కొక్కటే మూతవడ్డయి. ఆ ఏండ్లల్ల మా సిరిసిల్ల నేతోళ్ల పేర్లు పేపర్ల ఎందుకు వచ్చినయో నేను రాయ. చదివినోళ్లకు తెల్సు, చూసినోళ్లం మర్సిపోలే. పిల్లకు రెండేండ్లు నిండకముందే దివాకర్ జగిత్యాల ఏజెంటును పట్టుకొని దుబాయ్ పోయిండు.

అయిదేండ్లకు, అక్కడ కంపెనీలు కూలవడ్డ ఏడు, ఓ సంచి పట్టుకొని వచ్చిండు. నవనీత వాకిట్ల ఆడుకుంటున్నది. "అమ్మా, ఎవలో వచ్చిండ్రు" అని లోపటికి ఉరికి తలుపేసింది. గోడ మీదికెల్లి నేను చూసిన. వాడు తలుపు కొట్టలే. గద్దె మీద కూసోని బూట్లు ఇప్పుకున్నడు, మల్ల తొడుక్కున్నడు.

రెండో దినం నేను పోయి అడిగిన.

"దుబాయ్ల ఏం పని చేసినవ్ రా?"

"ఊడ్సుడు పెద్దవ్వా."

"గంత దూరం పోయి ఊడ్సుడా?"

"ఇమానాల షెడ్డు ఊడ్సుడు. చిన్నయి. సరదాకు గాల్ల తోలుకునేటియి."

అప్పుడు చెప్పిండు అసలు ముచ్చట. ఆ షెడ్డుల ఒక పాతకాలం తీరు ఇమానం ఉండెనట. కట్టె, తీగెలు, గుడ్డ రెక్కలు. మలయాళీ మిస్త్రి చెప్పిండట: నూరేండ్ల కింద ఫ్రాన్సు దేశంల గిసొంటియి చేసే కార్ఖానలు ఉండె, ఆడోళ్లు వరుసగ కూసోని రెక్కలకు గుడ్డ కుట్టేటోళ్లు అని. మొదలు చేసినోళ్లయి సగం ఎగరనే లేదట, ఎగిరినయి సగం కూలినయట. అయినా మల్లొకటి చేసేటోళ్లట.

"మోటరు లేకుంట సుత చేసిండ్రు పెద్దవ్వా. ముంగటికెల్లి గుంజితే పతంగి లెక్క లేస్తది. దాని లెక్క అంత నాకు తెల్సింది. చూసి చూసి నేర్సుకున్న."

"గుడ్డల కెల్లి గాలి పోదా?"

"పోదు. గుడ్డ ఎక్కిచ్చినంక బ్రష్షుతోని గంజి పెడ్తరు. ఆరితే డప్పు లెక్క బిగుస్తది."

"గంజే అని ఎవలు చెప్పిండ్రు?"

"చెప్పుడెందుకు? నూలుకు గంజి పెట్టుడు సిరిసిల్లల చూడనోడెవడు? గుడ్డ బిగిసిందంటె గంజే."

"వాసన వచ్చిందా?"

"వచ్చింది. ముక్కులు పలుగుడు వాసన."

"గంజికి గంత ఘాటు యాడిదిరా?"

"ఆ దేశం గంజి పెద్దవ్వా" అన్నడు. గక్కడనే నేను ఇంకో మాట అడిగి ఉంటే అయిపోతుండె.

పని దొరకలే. దొరకనోడు ఇంటెనక వెదురు బొంగులు చీరుడు మొదలు వెట్టిండు. సైకిలు గిర్రలు, సన్న తీగె, మూతవడ్డ షెడ్డుల మిగిలిన పత్తి గుడ్డ. కల్పన కుట్టింది. భూమవ్వ రేషను బియ్యం గంజి కాసి, వడగట్టి ఇచ్చింది. ఎండల ఆరినంక రెక్క మీద ఏలు కొడితే టంగుమన్నది. ఒకపారి నా మేక తాడు తెంపుకొని పోయి మూల పొంటి గుడ్డంత నాకింది. దివాకర్ నన్ను తిట్టలే గాని మేకను చూసిన చూపు నాకే తగిలింది.

ఐలయ్య మాత్రం దాని దిక్కు చూడలే. మూడు గిర్రల బండిల వాకిట్ల కూసోని, మొకం అటు తిప్పుకునేటోడు. "పడుడంటె ఏందో వానికి తెల్వది వదినె. పడ్డోన్ని నేను" అనేటోడు.

గంతట్లనే లక్ష్మీరాజం అనేటాయన ముచ్చట వచ్చింది. కోరుట్లల ట్రాక్టరు ట్రాలీలు చేసే షెడ్డు ఆయనది. దివాకర్ పని అడగవోతే, "దుబాయ్ కెల్లి వచ్చినోళ్లు నా షెడ్డు ముంగట లైను కట్టిండ్రు తమ్మీ. అందరు మిస్త్రీలమే అంటరు" అన్నడట. మనోడు ఊకుంటడా? "నేను ఇమానం చేసిన" అన్నడు. ఆయన నవ్వి, "ఎగిరిచ్చేనాడు నన్ను పిలువు. నా జీపుతోని నేనే గుంజుత. లేచిందా, తెల్లారికెల్లి నువ్వు నా షెడ్డుల పెద్ద మిస్త్రివి" అన్నడు.

అదే వారం జగిత్యాల ఏజెంటు ఫోన్ చేసిండు. కొత్త వీసా వచ్చింది, శుక్రవారం ప్రయాణం. పని దొరకనప్పుడు దివాకర్ ఇచ్చిన పాస్‌పోర్టు ఆయన దగ్గరనే ఉన్నది.

కల్పన రాత్రి పగలు ఏడ్సే మనిషి కాదు. గోడ కాడికి వచ్చి నాతోని ఒకటే అన్నది. "అత్తా, ఇప్పుడిప్పుడే పిల్ల ఆయన పక్కన పండుకుంటున్నది. మంగళవారం జీపు గుంజినప్పుడు ఇమానం లేస్తే ఈయన ఉంటడు. లేవకపోతే పోతడు. ఇంక మూడో తొవ్వ లేదు."

మంగళవారం పొద్దుగాల ఆరింటికి లక్ష్మీరాజం జీపు దిగిండు. ఆ ఏడు వానలు లేక మానేరు పొంటి భూములు పడావు పడి చాప పరిచినట్టున్నయి. చలికాలం, మంచు తెల్లగ కమ్మింది. గాలి లేని యాళ్ల మంచిదని దివాకర్ గా పొద్దు పెట్టుకున్నడు. ముందు దినం మాపటికే ఇమానాన్ని తెచ్చి అక్కడ నిలవెట్టిండు. ఊరు సగం వచ్చింది. ఐలయ్య సుత వచ్చిండు, భూమవ్వ బండి నూకుతుంటే.

"చూడనంటివి గదా మరిదీ?" అన్న.

"పడితే లేపవోయేటోళ్లల్ల నేను ఉండాలె గదా."

దివాకర్ నడుమ పీట మీద కూసున్నడు. జీపు గుంజింది. గిర్రలు ఎగిరెగిరి పడ్డయి, రెక్కలు తడి చీర దులిపినట్టు టపటప కొట్టుకున్నయి. ఇంచు లేవలే. మల్ల గుంజిండ్రు. లేవలే. మూడో పారి ఓ కట్టె పటుక్కుమన్నది.

లక్ష్మీరాజం చెడ్డోడు కాదు. కోపం చేయలే. జీపు కాడ నిలవడి, "తమ్మీ, దీని మీద టమాట గంపలు పెట్టు. మార్కెటుకు బాగ పోతది" అన్నడు. జనం నవ్విండ్రు. నాకు సుత నవ్వు వచ్చింది, కల్పన మొకం చూసి మింగిన. జీపు పోయింది.

దివాకర్ దిగలే. పీట మీద గట్లనే కూసున్నడు. "గుంజుడు సరిపోలే. జీపు మెల్లగ తోలిండు" అన్నడు.

ఐలయ్య బండి నూకిచ్చుకొని దగ్గరికి వచ్చిండు. తొలిసారి రెక్క మీద చెయ్యి వెట్టిండు. అరచెయ్యి తడి అయింది, అంటు అంటు అయింది. నాలుకకు రాసుకున్నడు.

"గిదేందిరా?"

"గంజి."

"ఇరవై ఐదేండ్లు మంచుల చెట్లెక్కిన. నా మోకే నాని బరువయ్యేది. గంజి గుడ్డను రాత్రంత మంచుల వెడితే ఏమైతదిరా?"

దివాకర్ దిగి రెక్క మీద ఏలు కొట్టిండు. టంగుమనలే. "గుంజుడు కాదు నాయినా. జీపు కాదు. గంజి వెట్టుడే నా తప్పు" అన్నడు, అందరు ఇంటుండంగనే. "వాళ్లది గంజి కాదు. వాళ్లది మంచుకు మెత్తవడేది కాదు."

"అయితే ఎండ రానియ్. డప్పును ఎండకు పెట్టినట్టు పెట్టు. తొమ్మిదిన్నరకు మానేరు దిక్కుకెల్లి గాలి మొదలైతది. చెట్టు మీద ఉన్నోనికి అది మొకానికి తగులుతది. దానికి ఎదురుంగ తిప్పు."

"గుంజేటోడు పాయె గదా."

"ఊరున్నది గదరా!" అన్న నేను. అనుడే గాదు, తాడు కొస అందుకున్న.

తొమ్మిదింటికి మంచు ఇడిసింది. ఇరిగిన కాడ ఇంకో బొంగు కట్టిండు. గుడ్డ ఆరుకుంట ఆరుకుంట ముడుతలు పోయినయి, ఏలు కొడితే మల్ల టంగుమన్నది. గాలి వచ్చింది. ఇరవై మందిమి, సగం బీడీలు చేసే ఆడోళ్లం, కొంగులు నడుముకు చెక్కుకొని తాడు పట్టినం.

"ఉరుకుండ్రి!" అని ఐలయ్య ఒర్లిండు.

ఉరికినం. తాడు బరువుగ ఉండె, ఉరుకంగ ఉరుకంగ ఒక్కసారి అల్కగ అయింది. ఎనక్కి మర్రి చూస్తే దివాకర్ కాళ్లు నా నెత్తికి పైన ఉన్నయి! పొట్టి ఈతచెట్టంత లేచింది. సప్పుడు లేదు. నేను లెక్క వెట్టిన. పదిహేడు దాక.

"పక్కకు ఒంగకురా! నడుము నిలవెట్టు! కిందికి చూడకు!" ఐలయ్య బండిల కూసోని చెట్టు మీదున్నోనికి చెప్పినట్టే చెప్తున్నడు. దిగంగ ఓ గిర్ర ఇరిగింది, దివాకర్ పెదివి పలిగింది. కల్పన కొంగుతోని రక్తం తుడిసింది. జనం ఈలలు.

వాడు మాత్రం నవ్వలే. "చూడాల్సినోడు పోయిండు" అన్నడు. "శుక్రవారం పోత, ఇగ సంచి సర్దు."

కల్పన సంచి సర్దలే. నా దిక్కు తిరిగి, "అత్తా, కోరుట్ల బస్సు ఎన్నింటికి?" అన్నది.

పగటీలికి నేను, కల్పన లక్ష్మీరాజం షెడ్డుల ఉన్నం. ఆయన మమ్మల్ని చూసి స్టూళ్లు ఏపిచ్చిండు.

"లేచింది అన్నా" అన్నది కల్పన.

"ఎవలు చూసిండ్రు?"

"నేను చూసిన. చూసుడే కాదు, గుంజిన" అని అరచేతులు చూపెట్టిన. తాడు ఒరుసుకొని తోలు లేచి ఉండె.

"జీపు గుంజితే లేవంది మీరు గుంజితే లేచిందా? మీ ఊరోళ్లు జీపు కన్న బలమా అవ్వా?"

"జీపుకు మంచు తెల్వది, గాలి తెల్వది" అన్న.

అప్పుడు కల్పన మొదటికెల్లి చెప్పింది. గంజి, మంచు, మామ నాలుకకు రాసుకున్నది, ఎండ, గాలి. ఏది దాసిపెట్టలే. ఆయన నవ్వుడు ఆపి ఇన్నడు.

"గంజి వెట్టుడు తప్పని ఎవలన్నరు? మీ మామనా?"

"మామ అడిగిండు. తప్పన్నది మా ఆయననే. ఊరందరి ముంగట."

లక్ష్మీరాజం షెడ్డు లోపటికి చూసిండు. లోపట పది మంది వెల్డింగు చేస్తున్నరు. "ట్రాలీ ఇరిగి వాపసు వస్తే వీళ్లల్ల ఒకడు ఇనుము మంచిది కాదంటడు, ఒకడు కరెంటు మంచిగ లేదంటడు. నాది తప్పు అన్నోడు పన్నెండేండ్లల్ల ఒక్కడు లేడు" అని మెల్లగ అన్నడు. మల్ల మా దిక్కు తిరిగి, "గురువారం రమ్మను. పెద్ద మిస్త్రిగ కాదు, మామూలు మిస్త్రిగ. లేచింది నేను చూడలే గదా" అన్నడు.

"మామూలుగనే వస్తడు" అన్నది కల్పన.

వచ్చేటప్పుడు జగిత్యాలల దిగినం. ఏజెంటు తన ఆఫీసుల బారెడు మీసాలతోని కూసున్నడు. "మనిషి రాకుంట పాస్‌పోర్టు ఇయ్యమమ్మా. ఇప్పుడిడిస్తే మల్ల ఇసొంటి వీసా రాదు" అన్నడు.

నేను బెంచి మీద కాళ్లు ముడుసుకొని కూసున్న. "తొందరేం లేదు కొడుకా. కంపెనీ పేరేంది? ఊడ్సుడేనా, ఇంకేమన్ననా? నీ లైసెన్సు ఏ గోడకున్నది? అయిదో తరగతి దాక చదివిన, అక్షరాలు వస్తయి. గట్టిగ చదువుతా, గీ కూసున్నోళ్లందరు ఇంటరు. మొదలు పోయినప్పుడు ఈమె మొగనికి ఊడ్సుడని చెప్పినవా, మిషను పనని చెప్పినవా?"

బెంచీల మీద ఉన్న పోరగాండ్లు మెడలు తిప్పి ఆయన దిక్కు చూసిండ్రు. ఓ పోరడు, "అవ్ అన్నా, మాది ఊడ్సుడేనా?" అని అడిగిండు. ఆయన బీరువా తెర్సిండు. కల్పనతోని సంతకం పెట్టిచ్చుకొని పాస్‌పోర్టు ఇచ్చిండు.

మేము ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే యాళ్లయింది. దివాకర్ వాకిట్ల కూసోని నిజంగనే సంచి సర్దుకుంటున్నడు. కల్పన పాస్‌పోర్టు తీసి వాని ఒళ్లె పెట్టింది.

"గిది నీకెందుకిచ్చిండు?"

"శుక్రవారం పనిలేదు. గురువారం కోరుట్ల పోవాలె. మామూలు మిస్త్రి పని."

వాడు పాస్‌పోర్టును అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. "ఆయన చూడకుంట ఎట్ల ఒప్పుకున్నడు?"

"నీ తప్పు చెప్పిన" అన్నది కల్పన.

దివాకర్ సంచిల పెట్టిన అంగీలు ఒక్కొక్కటే తీసి గద్దె మీద పెట్టిండు. అడుగున ఉన్న పాత అంగీ ఒక్కటి ఉంచి, "వెల్డింగుకు గిది సాలు" అన్నడు.