మణెమ్మ అవ్వ మడిచిన ఆకు

ఆదివారం శంకర్‌పల్లి నుంచి ఇంటికి వస్తుంటే కారు కిటికీలోంచి పులిసిన కల్లు వాసన కొట్టింది. రోడ్డు పక్కన ఒకాయన సీసాల్లో పోసి అమ్ముతున్నాడు. ఆగకుండా ఉండలేకపోయాను. సీసాతో పాటు, అలవాటు కొద్దీ రెండు లేత తాటాకులు కూడా అడిగాను. "ఒక్కరే ఉన్నరు, రెండాకులెందుకు సారూ?" అని నవ్వాడు. మణెమ్మ అవ్వను ఎరగని మనిషికి ఏం చెప్పను?

అప్పట్లో మొయినాబాద్‌లో నేను అద్దెకున్న ఇంటి వెనక వీధిలో అవ్వ కల్లు దుకాణం ఉండేది. వాళ్ల మామ తాటి కమ్మల పందిరి కింద మొదలుపెడితే, భర్త దాన్ని రేకుల షెడ్డు చేశాడట. ఆయన పోయాక అవ్వే నడిపింది. నేను భీమవరం నుంచి వచ్చి చందనవెల్లిలో ఒక డేటా సెంటర్‌లో చేరాను. వారమంతా యంత్రాల హోరే తప్ప మనిషి మాట వినపడేది కాదు. మొదటిసారి దుకాణానికి వెళ్లినప్పుడు ఎంతో తెలివిగా ఇంటి నుంచి స్టీలు గ్లాసు పట్టుకెళ్లాను. మూల బల్ల మీద కూర్చుని, నాకు నేనే పోసుకుని, ఫోను చూసుకుంటూ తాగుతుంటే అవ్వ వచ్చి గ్లాసు లాక్కుంది.

"గిదేంది బిడ్డా, ఒక్కనివే మూలకు కూసున్నవ్? ఈడ ఆకుల తాగుతరు."

తాటాకును దొప్పలా మడిచి నా రెండు చేతుల్లో పెట్టింది. ఒక చెయ్యి తీస్తే ఆకు విప్పుకుంటుంది. "మరి పోసుకునేదెలా?" అన్నాను తెల్లమొహం వేసి.

"నీకు నువ్వెట్ల పోసుకుంటవ్? పక్కనోడు పోస్తడు. ఆయన తాగేటప్పుడు నువ్వు పొయ్యాలె. ఓ సాయిలూ, జర ఈ పిల్లగానికి పొయ్యి!"

సాయిలన్నది పక్క ఊరు హిమాయత్‌నగర్, కూలి పని. నా పేరైనా అడగకుండా కల్లు లొట్టి వంచాడు. సగం నా చొక్కా మీదే పోయింది. షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఊరొచ్చాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. తర్వాత ఏ ఆదివారమూ మానలేదు. కల్లు కోసమే వెళ్లానంటే అబద్ధం.

కొన్నేళ్లకు ఆ స్థలం వెంచర్ వాళ్లకు పోయింది. దుకాణం చివరి ఆదివారం నాకు డ్యూటీ పడింది. సెలవు అడిగితే ఇచ్చేవాళ్లే. నేనే అడగలేదు. ఆ తప్పు ఇప్పటికీ నన్ను వదలదు. మర్నాడు వెళ్లేసరికి షెడ్డు రేకులు లారీ ఎక్కుతున్నాయి. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది, పక్కన ఒక లొట్టి.

"నిన్న పొద్దుగూకిందాక నీ కోసం చూసిన. పులిసిపోయింది బిడ్డా, పారబొయ్య మనసొప్పలే."

నేను ఆకు పట్టాను, ఆమె పోసింది. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటుకే అని చెప్పుకున్నాను. తర్వాత లొట్టి నేను అందుకుని, "ఇప్పుడు మీరు పట్టండి అవ్వా" అన్నాను.

"నాకా? దుకాణం నడిపేటోళ్లకు ఎవలు పోస్తరు బిడ్డా?" అంటూనే ఆకు మడిచింది. ఇన్నేళ్లలో ఆమెకు నేను పోసింది ఆ ఒక్కసారే. తర్వాత చేవెళ్లలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడే కన్నుమూసిన సంగతి నాకు నెల తర్వాత తెలిసింది.

ఈ ఆదివారం ఆ సీసాతో ఇంటికొచ్చి ఒక ఆకు మడిచాను. అప్పుడు గానీ గుర్తు రాలేదు, పోసే మనిషి లేడని. గ్లాసులున్నాయి, కానీ మనసొప్పలేదు. సీసా చంకలో ఇరికించుకుని, రెండు చేతుల్లో ఆకుతో బయటికొచ్చి, ఎదురు ఫ్లాట్ బెల్లు మోచేత్తో నొక్కాను. మూడేళ్లుగా ఉంటున్నా ఆయనతో లిఫ్టులో తల ఊపడమే తప్ప మాట కలిపింది లేదు.

తలుపు తీసి, నా చేతుల వంక చూశాడు. చంకలోంచి సీసా తీసుకుని, మూత తిప్పుతూ అన్నాడు:

"ఇంకో ఆకున్నదా అన్నా?"