చిన్నాయన బొటనవేలు

మొన్న హోసూరులో బస్టాండు పక్కన ఒక మెస్సులో భోజనానికి కూర్చున్నాం. సర్వరు ఆ పూట ఉన్నవన్నీ ఏకరువు పెట్టి, చివరికి నావైపు తిరిగి "మెదడు అయిపోయిందమ్మా, తలకాయ ఉండాది" అన్నాడు. మావారికి నవ్వాగలేదు. మెదడు గురించి చదివి, దాని గురించే పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నదాన్ని మరి. నవ్వుతూనే నాకు తొంభైల చివరి రోజులు గుర్తొచ్చాయి. ఆ మాట అప్పట్లో నాకు అక్షరాలా సరిపోయేది.

మాది అంచెట్టి పక్కన గొర్రెలు కాసుకునే కుటుంబం. నాయన హోసూరులో ఫ్యాక్టరీ పనికి చేరిపోయాడు. చిన్నాయన మాత్రం మందను వదల్లేదు. నేను కృష్ణగిరిలో డిగ్రీ ముగించి, బెంగళూరు యూనివర్సిటీలో న్యూరోసైన్స్ ఎమ్మెస్సీకి సీటు తెచ్చుకున్నాను. ఆ పేరు మా ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. 'నరాల చదువు' అన్నారు, మరుసటి నెలకు నన్ను 'నరాల డాక్టరమ్మ' చేసేశారు. సెలవులకు వస్తే చాలు, మేనత్త మోకాలు చాపుకుని కూర్చునేది. "నేను డాక్టర్ని కాదత్తా" అంటే, "ఇంగా కాలేదులే, అయితావు. ముందు ఇది చూడు" అనేది. కొబ్బరినూనె వేడిచేసి రాయమని చెప్పేదాన్ని. ఆ సలహాకు నాకు మంచి పేరే వచ్చింది.

యూనివర్సిటీలో మాత్రం నా పేరు అంత బాగాలేదు. క్లాసులో అందరూ ఇంగ్లీషు మీడియం పిల్లలు. పుస్తకం నిండా పలకడానికే గంట పట్టే పేర్లు. ప్రాక్టికల్‌కు ఫార్మలిన్ బకెట్లోంచి తీసిచ్చే మెదడు, ఉడికించి మరిచిపోయిన కాలీఫ్లవర్‌లా బూడిదరంగులో ఉండేది. అందులో ఏ ముడత ఏదో నాకు తెలిసేది కాదు. ఆ వాసన మాత్రం హాస్టల్ చపాతీ దాకా వెంట వచ్చేది. మొదటి పరీక్షలోనే తప్పాను. మార్కులు చూసుకుని ఊరికి బయలుదేరితే, జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీల వెనుక బస్సు అరగంట ఆగిపోయింది. ఆ అరగంటలో నిశ్చయించుకున్నాను: ఈ చదువు మానేసి బీఈడీ చేస్తాను. నాయనకు చెప్పే ధైర్యం లేక, ముందు చిన్నాయనకు చెప్పి ఆయనచేత చెప్పిద్దామని నేరుగా అంచెట్టి బస్సెక్కాను.

దొడ్డిలో చిన్నాయన ఒక ఆడగొర్రెను చూస్తూ నిలబడి ఉన్నాడు. తొలిచూలుది, ఆయనకు ముద్దు. మేత మాని, తల వాల్చి, ఎడమకే గుండ్రంగా తిరుగుతోంది. నా సంచీ వైపు కూడా చూడకుండా అన్నాడు:

"మంచి టయానికి వచ్చినావమ్మా. దీని తలలో నీటిబుడ్డ చేరినాది. ఏ పక్క ఉండాదో చెప్పు చూస్తాము."

నాకు గుర్తున్న ఒకే ఒక్క పాఠం అక్కరకొచ్చింది. మెదడు ఎడమభాగం ఒంటి కుడివైపును నడుపుతుంది, కుడిభాగం ఎడమవైపును. "ఎడమకు తిరుగుతోంది కాబట్టి కుడిపక్క ఉంటుంది" అన్నాను, పుస్తకం చూసి చదివినట్టు.

"తిరిగే పక్కే ఉంటాదమ్మా రోగం. నీ బుక్కు ఎప్పుడన్నా గొర్రెను చూసినాదా?" అంటూ దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, బొచ్చు పాయతీసి, బొటనవేలితో పుర్రె నొక్కుతూ పోయాడు. ఒకచోట ఆగి, నా వేలు తీసి అక్కడ పెట్టాడు. ఎడమపక్క. ఎముక మెత్తగా లోపలికి దిగింది.

నాకు సిగ్గూ పౌరుషమూ ఒక్కసారే వచ్చాయి. గొర్రె కళ్లముందు చెయ్యి ఆడించాను. ఎడమకన్ను మూసి తెరిచింది. కుడికన్ను రెప్ప కదపలేదు. "చిన్నాయనా, దీనికి కుడికన్ను కనపడటం లేదు. ఎడమ మెదడులో బుడ్డ, కుడికంటికి చీకటి!" అని అరిచాను. పుస్తకం తప్పు చెప్పలేదు. చూపు సంగతిని నేను తిరగడానికి అంటగట్టాను, అంతే.

"అవునా? ఇది నాకు తెలీదే" అన్నాడు చిన్నాయన. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

మరునాడు టెంపోలో డెంకణికోటకు తీసుకుపోయాం. పశువుల డాక్టరు కోసుకుని తినడమే మేలన్నాడు. చిన్నాయన ఒప్పుకోలేదు, అక్కడినుంచి కదల్లేదు. చివరికి డాక్టరే దిగొచ్చి, బొచ్చు గీసి, మత్తుసూది వేసి, నన్ను తల పట్టుకోమన్నాడు. ఎముక అప్పడంలా ఊడివచ్చింది. లోపలి నుంచి నిమ్మకాయంత నీటిబుడ్డను, పగలకుండా, మెల్లగా లాగాడు. దాని కింద మెదడు కనిపించింది. బూడిదరంగు కాదు, లేత గులాబీ. సన్నని ఎర్రటి రక్తనాళాలతో, గుండెలాగా, కొట్టుకుంటోంది. తల పట్టుకునే ఇంకాస్త కిందికి వంగాను. "ఏమ్మా, తల తిరగతాందా?" అని చిన్నాయన అడిగితే, "లేదు, ఇంకాసేపు చూడనీ" అన్నాను.

బీఈడీ మాట ఆయనతో అనకుండానే సోమవారం బెంగళూరు వెళ్లిపోయాను. తప్పిన పరీక్ష మళ్లీ రాసి గట్టెక్కాను. వైవాలో ఒక పెద్దాయన, మెదడులో గడ్డ ఎటుందో బయటినుంచి ఎలా పోల్చుకుంటావని అడిగితే పావుగంట ఆపకుండా చెప్పాను. "ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడాయన. "అంచెట్టిలో సార్" అన్నాను. అదేదో కాలేజీ అనుకుని తల ఊపాడు.

గొర్రె వారంలో తిన్నగా నడిచింది, తరువాత రెండు ఈతలు ఈనింది. చిన్నాయన కనిపించినవాళ్లందరికీ "నేనూ మా నరాల డాక్టరమ్మా ఆపరేషన్ చేసినాము" అని చెప్పుకున్నాడు. పశువుల డాక్టరు ఆ కథలోంచి ఎప్పుడో జారిపోయాడు.

ఇప్పుడు నాకు అప్పటి చిన్నాయన వయసు వచ్చింది. ఎముక మెత్తదనం ఆ బొటనవేలికి తెలియడానికి ఎన్ని వానాకాలాలు పట్టాయో, ఎన్ని గొర్రెలు చనిపోయాయో అడగాలని ఆనాడు తోచలేదు. చిన్నతనంలో మనకు పెద్దవాళ్లందరూ అన్నీ తెలిసే పుట్టినట్టు కనిపిస్తారు. వాళ్ల వయసుకు వచ్చాకగానీ, వాళ్లు కూడా ఏడాదికి కాస్త చొప్పునే నేర్చుకున్నారని తెలియదు.