కడుపు చూపించడానికి మద్రాసు వెళ్లాం

స్కానింగుల కోసం ఇంట్లో వాళ్లను వెంటబెట్టుకుని ఊళ్లు తిరగాల్సిన వాళ్లకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. డెబ్బైల చివర్లో మా మేనత్త నాగరత్నంతో చేసిన ప్రయాణం. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతూనే ఉంటుంది. అత్త వాళ్లది కైకలూరు దగ్గర కొల్లేటి ఒడ్డున చిన్న ఊరు. మావయ్య వలేసి పట్టిన చేపలు ఆవిడ గుడివాడ మార్కెట్లో అమ్మేది. బేరానికి దిగితే ఆవిడ నోటికి జడవనివాళ్లు లేరు. అలాంటి మనిషికి ఉన్నట్టుండి అన్నం సహించడం మానేసింది. నాలుగు ముద్దలకే కడుపు బిర్రెక్కడం, సాయంత్రానికి తిన్నది తిన్నట్టే బయటికి రావడం. రవికెలు వేలాడిపోయాయి. నేనప్పుడు బెజవాడ భవానీపురంలో అద్దెకుంటూ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పని చేస్తున్నాను. "నీకు ఇంగ్లీషొచ్చుగా అమ్మాయ్, మీ అత్తను నువ్వే చూపించాల" అని మావయ్య కబురు పెడితే సెలవు పెట్టి వెళ్లాను.

అత్త, మావయ్య, నేను కైకలూరులో పొద్దున్నే మొదటి బస్సెక్కాం. గుడివాడ, పామర్రు, ఉయ్యూరు మీదుగా బెజవాడ చేరడానికి అప్పట్లో ఒక పూట పట్టేది. ఉయ్యూరు దగ్గర చెరుకు బళ్లు రోడ్డంతా ఆక్రమించడంతో బస్సు చాలాసేపు ఆగిపోయింది. అక్కడి పంచదార ఫ్యాక్టరీ నుంచి వచ్చే పులిసిన తీపి వాసనకు అత్త కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంది. డ్రైవరు విసుక్కున్నాడు. "బస్సు కడిగేదెవరమ్మా? దిగిపోండి." అత్త మూతి తుడుచుకుని, "దిగుతాలే బాబూ. బెజవాడ రానీ, అక్కడే దిగుతా" అంది. బస్సంతా నవ్వింది. ఆ ప్రయాణంలో నాకు గుర్తున్న నవ్వు అదొక్కటే.

బెజవాడలో ఒక నర్సింగుహోముకు తీసుకెళ్లాం. సున్నపు నీళ్లలాంటి తెల్లటి మందు తాగించి, బల్ల మీద అటూ ఇటూ దొర్లించి ఎక్స్‌రేలు తీశారు. సర్జను ఆ ఫిల్ములను వెలుగుకు పెట్టి చూశాడు. అత్తను బయట కూర్చోమన్నాడు. ఆవిడ వెళ్లాక మావయ్యతో, "కడుపులో గడ్డ ఉందయ్యా. కేన్సరే అనుకుంటున్నా. ఎంతవరకు పాకిందో దీన్లో తెలియదు, పొట్ట తెరిచి చూడాల్సిందే. ఆవిడకు మాత్రం అల్సరని చెప్పండి" అన్నాడు.

"తెరిచినాక తియ్యలేకపోతేనండీ?" అన్నాడు మావయ్య.

"మళ్లీ కుట్టేస్తాం."

సంచి మూతి కుట్టినట్టు చెప్పాడు. బయటికి రాగానే అత్త, "ఏవన్నాడే?" అని నన్నడిగింది. నేను మావయ్య వైపు చూశాను. "అల్సరంట" అన్నాడు మావయ్య, నేల చూపులు చూస్తూ.

ఫిల్ముల కవరు ఇచ్చే మనిషి మమ్మల్ని పక్కకు పిలిచాడు. "తొందరపడి కోయించకండి. మద్రాసులో కొత్త మిషనొచ్చిందండీ. కత్తి పెట్టకుండా ఒళ్లంతా ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీసేస్తదంట." ఆయన ఆ మిషను చూడలేదు, చూసినవాళ్లతో మాట్లాడనూ లేదు. అయినా మాకు అది దేవుడి మాటలా వినబడింది. సర్జనును అడిగితే, "మీ ఇష్టం" అన్నాడే తప్ప అది దేనికి పనికొస్తుందో చెప్పలేదు. ఆపరేషను వాయిదా వేసి మద్రాసు రైలెక్కాం. రిజర్వేషను దొరకలేదు. తలుపు పక్కన పరిచిన దుప్పటి మీద అత్త ముడుచుకుని పడుకుంది. గూడూరు దాటేదాకా ఆవిడ కడుపులో మజ్జిగ కూడా నిలవలేదు.

మద్రాసు ఆసుపత్రిలో పడిగాపులు పడి, మర్నాటికి మిషను గది దాకా వెళ్లగలిగాం. అక్కడి ఆపరేటరు నెల్లూరు మనిషి. బెజవాడ నుంచి తెచ్చిన మా చీటీ చదివి మావైపు తెల్లబోయి చూశాడు. "ఎవరండీ మిమ్మల్ని పంపింది? ఇది తలకు మాత్రమే. కడుపును ఫొటో తీసే మిషన్లు ఫారిన్లో వచ్చాయంటున్నారు, ఇక్కడ లేవు. కడుపులో కేన్సరుకు తెరిచి చూడటమే దారి."

ఆ మాట అలా బయటపడింది. అత్త ఆ మిషనుకున్న గుండ్రటి కంతను చూసింది. తర్వాత మావయ్య వైపు తిరిగింది.

"అల్సరన్నావు?"

"డాక్టరు చెప్పొద్దన్నాడే, రత్నం."

"గడ్డ డాక్టరు కడుపులో ఉందా, నా కడుపులో ఉందా? దారంటా అందరికీ తెలిసినట్టుంది, నాకు తప్ప." ఏడవలేదు. కొంగు బిగించి, "పదండి, ఇంక నేనే మాట్లాడతా" అంది.

బెజవాడ రాగానే సర్జను గదిలోకి ముందు ఆవిడే నడిచింది. "డాక్టరుబాబూ, లోపలేం కనబడిందో నాకే చెప్తానని మాటిస్తే కోయించుకుంటా." ఆయన మొహం చిట్లించాడు. "ఇలాంటివి ఆడవాళ్లు తట్టుకోలేరమ్మా." "చెప్పకుండానే ఎట్టా తెలుసండీ?" అంది అత్త. ఆయన తలూపాడు.

తెరిస్తే కాలేయం నిండా మచ్చలున్నాయట. గడ్డ తీయలేక, తిండి పేగుల్లోకి దిగడానికి వేరే దారి కలిపి కుట్టేశాడు. ఈ సంగతి కూడా వరండాలో మావయ్యకే చెప్పాడు! మర్నాడు రౌండ్సుకు వచ్చి అత్తతో, "అంతా బాగైపోయిందమ్మా" అని వెళ్లబోయాడు. "మాటిచ్చారు గదండీ" అంది అత్త నీరసంగా. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఏడాది గడవకపోవచ్చన్నాడు. "ఈ ముక్క ముందే చెబితే మీ సొమ్మేం పోయేదండీ? మద్రాసు తిరిగిన రోజులు ఇంటికాడ ఉండేదాన్ని" అంది అత్త.

వానాకాలం దాకా బతికింది. కొంచెం కొంచెంగా చేపల పులుసన్నం తినగలిగింది. కాస్త ఓపిక రాగానే కోడల్ని గుడివాడ మార్కెట్‌కు తీసుకెళ్లి తన చోట కూర్చోబెట్టి, పాత ఖాతాదార్లందరికీ తానే చెప్పింది. "నాకు కేన్సరండీ. రేపట్నుంచి మా కోడలి దగ్గర కొనండి. పిల్ల మెత్తన, గీసి గీసి బేరమాడకండి."

ఇప్పుడు బెజవాడలో ఏ వీధిలో చూసినా స్కాన్ సెంటరే. నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి ముక్క తీసి పరీక్షిస్తే కేన్సరో కాదో తేలుతుంది. అది కాలేయానికి, చుట్టుపక్కలకు పాకిందా అన్నది సీటీ స్కాను చాలావరకు కత్తి పెట్టకముందే చూపిస్తుంది. సన్నటి గింజల్లా పొట్ట పొరల మీద పడ్డవి దానికీ దొరక్కపోవచ్చు. అయినా మా అత్తకు అదే ఉంటే ఆ తిరుగుళ్లు తప్పేవి. మొన్నామధ్య పక్కింటి రజియాగారికి తోడుగా వెళ్లాను. స్కాను నిమిషాల్లో అయిపోయింది. రిపోర్టు ఇచ్చేటప్పుడు కౌంటర్లో ఉన్నాయన ఆవిడను దాటి వెనక్కి చూస్తూ, "మగవాళ్లెవరూ రాలేదా అండీ?" అన్నాడు. ఇంత మిషను తెచ్చుకున్నాం, అందులో పడుకున్న మనిషితో మాట్లాడటం ఇంకా నేర్చుకోలేదు.

స్కానుకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: బయల్దేరే ముందే డాక్టరును, "ఇందులో ఏం కనబడితే ఆపరేషన్ చేస్తారు, ఏం కనబడితే మానేస్తారు?" అని అడగండి. ఆ ప్రశ్న పేషెంటు చేతే అడిగించండి.