మూడు శనివారాల జనం

జ్లాతినా పదకొండేళ్లు ప్లోవ్‌దివ్ సిటీ బస్సుల్లో కండక్టరు. ఒక్క టికెట్టు తప్పు కొట్టలేదు, ఒక్క ముసలమ్మను దారి మధ్యలో దింపలేదు. టికెట్టు యంత్రాలొచ్చి ఉద్యోగం పోతే మూల కూర్చోలేదు. నలభై రెండేళ్ల వయసులో, ఎనిమిది నెలల్లో ప్రోగ్రాములు రాయడం నేర్చింది. మా వీధి మొత్తానికి అలాంటి మనిషి ఆమె ఒక్కతే.

ఆ ఉదయం ఒక కంపెనీ పరీక్ష పంపింది. నిరుడు ఊరి బస్సులెక్కిన జనం లెక్కలవి. దారుల పేర్లు తీసేసి అక్షరాలు పెట్టారు. తప్పుడు అంకెలు ఏరేసి, ఏ రోజు ఏ దారికి అదనపు బస్సులు కావాలో తేల్చాలి. గడువు మధ్యాహ్నం పన్నెండు. నెగ్గితే ఉద్యోగం, లేకపోతే మళ్లీ దుకాణంలో డబ్బాలు సర్దడమే.

మామూలుకు అయిదింతలు దాటిన అంకె టికెట్టు యంత్రం తప్పేనని జ్లాతినా ప్రోగ్రాంలో రాసింది. ప్రోగ్రాం ఆగకుండా పరిగెత్తింది. పంపబోతూ, తీసేసిన అంకెల మీద ఒకసారి కన్నేసింది. ఒకే దారివి మూడున్నాయి. మూడూ శనివారాలే!

"అత్తయ్యా! నిరుడు పెద్దల శనివారాలు ఎప్పుడొచ్చాయి?"

మిరపకాయలు కాలుస్తున్న త్సోంకా వంటింట్లోంచి తల బయటపెట్టింది. "పొద్దున్నించి ఆ పెట్టెకి అతుక్కుపోయావ్, ఇప్పుడు చచ్చినోళ్లు గుర్తొచ్చారా తల్లీ?"

"నీకు దణ్ణం పెడతా, తేదీలు చెప్పు! ఇరవై నిమిషాలే ఉన్నాయి!"

"మీ మామయ్య సమాధికి ఉడికించిన గోధుమలు పట్టుకెళ్లిన రోజులు మర్చిపోతానా? ఫిబ్రవరి పద్దెనిమిది. చెర్రీలు పండేటప్పుడు జూన్ మూడు. తర్వాత నవంబరు నాలుగు."

మూడుకు మూడూ కలిశాయి. జ్లాతినా కుర్చీలోంచి ఎగిరింది. అది సమాధులకెళ్లే దారి! ఆ అంకెలు యంత్రం తప్పులు కావు, గోధుమల గిన్నెలూ వైన్ సీసాలూ ఒళ్లో పెట్టుకున్న మనుషులు!

అయినా తన మాట ఎవరు నమ్ముతారు? వెళ్లిన జనం అదే రోజు తిరిగొస్తే అంకె నిజమని, రాకపోతేనే తప్పని షరతు మార్చింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఆ మూడు రోజులూ నిలిచాయి, అసలు తప్పులు రాలిపోయాయి. పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా పంపేసింది.

మూడో రోజున కంపెనీ నుంచి ఫోనొచ్చింది. "పరీక్ష రాసిన మిగతా పదిమందీ ఆ శనివారాలు తీసేశారండీ. మీరెలా పట్టారు?"

"పట్టడమేంటి బాబూ? ఆ బస్సులో ఒంటికాలి మీద నిలబడి టికెట్లు కొట్టినదాన్ని!"

అవతల నవ్వు. "సోమవారం వచ్చి చేరండి."

జ్లాతినా వంటింట్లోకెళ్లి అత్తగారిని వాటేసుకుని చెప్పింది. త్సోంకా బాల్కనీలోకి పరిగెత్తి, అయిదంతస్తులకూ వినబడేలా పొరుగింటావిడని కేకేసింది: "ఒసేయ్ స్తానా! మా కోడలు గెలిచిందే!"